'గుడ్ టైమ్స్' పాటలో అంత గొప్పేముంది?

అడిగిన ప్రశ్న ఇది: "షీక్ బ్యాండ్ 1979లో చేసిన 'గుడ్ టైమ్స్' పాప్ సంగీతాన్నే మార్చేసిందని అందరూ అంటారు. విన్నాను, బాగానే ఉంది. కానీ ఎనిమిది నిమిషాలూ అదే బేస్ తిరుగుతూ ఉంటుంది. ఇందులో అంత గొప్పేముంది? 'రాపర్స్ డిలైట్', క్వీన్ వాళ్ల 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' రెండూ దీన్ని కాపీ కొట్టినవేనా?"

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. ఎనిమిది నిమిషాలూ అదే బేస్ తిరుగుతుందన్నారు చూశారా, ఆ పాట ఇన్నేళ్లయినా వాడుకలో ఉండడానికి కారణం అదే. పాటలో ఏమేం ఉన్నాయని లెక్క వేస్తే పెద్దగా ఏమీ తేలదు. రెండే కార్డులు (కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపు), ఒక బేస్‌లైన్ (బేస్ గిటార్ వాయించే మంద్ర స్వరాల వరస), ఆడంబరం లేని డ్రమ్స్, ఇద్దరు గాయనులు గొంతు కలిపి పాడిన కొద్ది మాటలు. అయితే ఎక్కడెక్కడ ఎవరు వాయించకుండా ఆగారో వినడం మొదలుపెట్టండి, అప్పుడు అసలు పనితనం తెలుస్తుంది. ఇంకొకరు వచ్చి తమ పాట పెట్టుకోవడానికి అందులో చోటు ఉంది. ఆ చోటులోకి ముందు న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేట కుర్రాళ్లు వచ్చారు, తర్వాత ఇంగ్లీషు రాక్ బ్యాండ్లు, ఆ తర్వాత ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీతం వాళ్లు వచ్చారు. నేను బేస్ గిటార్ వాయించి బతికినవాణ్ణి, ఇప్పుడు నేర్పిస్తున్నాను. కాబట్టి ఈ జవాబు కాస్త బేస్ వైపే మొగ్గుతుంది.

ముందు మనుషుల సంగతి. షీక్ అంటే ప్రధానంగా ఇద్దరు. గిటార్ నైల్ రోడ్జర్స్, బేస్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. ఇద్దరూ 1952లో పుట్టినవాళ్లే. నైల్ న్యూయార్క్ వాడు, బెర్నార్డ్ నార్త్ కరోలినాలో పుట్టి న్యూయార్క్ చేరినవాడు. నైల్ చిన్న వయసులోనే హార్లెమ్‌లోని అపోలో థియేటర్ హౌస్ బ్యాండ్‌లో వాయించాడు. అక్కడ వచ్చిన ప్రతి గాయకుడి వెనకా, ఏ పాట ఇచ్చినా, అప్పటికప్పుడు వాయించాలి. అలాంటి చోట పనిచేసినవాడికి ఎక్కడ తగ్గాలో బాగా తెలుస్తుంది. మొదట్లో జాజ్ గిటార్ మీద మోజు పడుతున్న నైల్‌ను స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ వైపు తిప్పింది బెర్నార్డే. డ్రమ్స్ టోనీ థాంప్సన్. ఈ ముగ్గురి చేతుల్లోనే షీక్ శబ్దం అంతా ఉంది.

1978లో 'లె ఫ్రీక్'తో వాళ్లు అమెరికాలో పెద్ద స్టార్లయ్యారు. ఆ మరుసటి ఏడాది జూన్‌లో అట్లాంటిక్ రికార్డ్స్ 'గుడ్ టైమ్స్'ను విడుదల చేసింది. ఆగస్టు 18 నాటి బిల్‌బోర్డ్ హాట్ 100లో, అంటే అమెరికా పాటల ప్రధాన చార్టులో, అది ఒకటో స్థానానికి వచ్చింది. అక్కడ ఉన్నది ఒక్క వారమే. సోల్ సంగీతం చార్టులో మాత్రం ఆరు వారాలు పైనే కూర్చుంది. హాట్ 100లో ఒక్క వారం నిలిచిన పాటలు వందల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటి పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. అందుకే దీని విలువను చార్టు అంకెలతో కొలవడం దండగ.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఫోన్ స్పీకర్‌లో వింటే బేస్ వినపడదు, బేస్ వినపడకపోతే ఈ పాటే లేదు. పియానో మీద ఒక్క ఊపులో జారిన స్వరాలతో మొదలవుతుంది. వెంటనే పల్లవి. బేస్ మొదటి మూడు బీట్ల మీద మూడు దెబ్బలు వేస్తుంది. ధమ్, ధమ్, ధమ్. మూడూ ఒకే స్వరం. పిల్లలకు మొదటి రోజు నేర్పించినా వాయించేస్తారు. ఆ మూడో దెబ్బ తర్వాత బెర్నార్డ్ ఆగుతాడు. అరక్షణం కూడా ఉండదు, కానీ ఆ ఆగడం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ తర్వాత వేళ్లు చిన్న చిన్న స్వరాల మీదుగా పాకుతూ రెండో కార్డు దగ్గరికి చేరతాయి. అక్కడ కాసేపు తిరిగి మళ్లీ మొదటికి వస్తాయి. నాలుగు బార్లలో (ఒక్కో బార్‌కు నాలుగు బీట్లు) ఒక చుట్టు. ఇక అదే చుట్టు.

నా దగ్గరికి వచ్చే విద్యార్థులు ఆ పాకే స్వరాలను తొందరగానే పట్టేస్తారు. తప్పేది మూడో దెబ్బ తర్వాత ఆగే చోట. ఖాళీ చూస్తే చాలు, చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి నింపేస్తుంది. లేదంటే మూడో స్వరాన్ని ఆపకుండా మోగనిచ్చేస్తారు. స్వరం మొదలుపెట్టడం కుడిచేతి పని, దాన్ని సరిగ్గా చోటు చూసి ఆపడం ఎడమచేతి పని. వేలు తీగ మీదనుంచి పూర్తిగా ఎత్తకుండా, ఒత్తిడి మాత్రం వదలాలి. బెర్నార్డ్ గొప్పతనం అంతా ఎడమచేతిలో ఉందని నా అభిప్రాయం. ఎంత వేగంగా వాయించాడని కాకుండా, ఒక్కో స్వరాన్ని ఎంతసేపు బతకనిచ్చాడో చూడండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి అసలు స్వరమే లేని 'టక్' అనే చప్పుడు. ఆ తేడాలు పోతే కాగితం మీద స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, పాట మాత్రం నడవదు.

కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవాళ్లకు ఇంకో విషయం చెప్పాలి. పాట ఈ-మైనర్‌లో (E minor) ఉంది, రెండో కార్డు 'ఏ' (A). 'ఈ' (E) అనే స్వరాన్ని షడ్జమం అనుకుంటే, మొదటి కార్డు స మీద, రెండోది మ మీద నిలబడతాయి. ఆ రెండో కార్డులో చతుశ్రుతి ధైవతం వస్తుంది. స్వరాల వరకే చూస్తే ఇది మన ఖరహరప్రియ మేళం. గమకాలు, సంచారం ఏవీ లేవు కాబట్టి రాగం అనకూడదు, కానీ స్వరస్థానాలు అవే. సాధారణ గాంధారం వల్ల కాస్త దిగులు, ఆ ధైవతం వల్ల కాస్త వెలుతురు. పాట పైకి సంబరంలా ఉన్నా లోపల ఏదో బరువు ఉన్నట్టు అనిపించడానికి సగం కారణం ఇదే. మిగతా సగం సాహిత్యంలో ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గిటార్ సంగతి. నైల్ కుడిచెయ్యి ఎప్పుడూ ఆగదు. ఒక్కో బీట్‌కు నాలుగేసి చొప్పున కిందకీ పైకీ ఊగుతూనే ఉంటుంది. ఎడమచెయ్యి మాత్రం కార్డును నొక్కి, వెంటనే వదిలేస్తుంది. నొక్కినప్పుడు స్వరం, వదిలినప్పుడు 'చిక్ చిక్' అనే పొడి శబ్దం. గిటారిస్టులు దాన్ని 'చకింగ్' అంటారు. పూర్తి కార్డు వాయించడు, పై తీగల మీద రెండు మూడు స్వరాల ముక్కలే. కింద బేస్ ఉన్న ప్రాంతంలోకి గిటార్ అసలు దిగదు. వయొలిన్లు కూడా అంతే, వచ్చి ఒక వాక్యం చెప్పి తప్పుకుంటాయి. ఎవరి హద్దుల్లో వాళ్లు ఉన్నారు. దీన్ని డిస్కో అనాలా ఫంక్ అనాలా అని కొందరు కొట్టుకుంటారు. డ్రమ్స్‌లో ప్రతి బీట్ మీదా పడే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) డిస్కోది. మొదటి బీట్‌ను గట్టిగా పట్టుకుని మిగతా చోట ఎదురు నడిచే బేస్, గిటార్ మాత్రం 60లలో జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ నేర్పిన ఫంక్. నన్నడిగితే డిస్కో బట్టలు వేసుకున్న ఫంక్ పాట ఇది.

ఇక అసలు విషయం, బ్రేక్‌డౌన్. రేడియో కోసం కత్తిరించిన సింగిల్ నాలుగు నిమిషాల లోపే, అది విని ఆగిపోతే దీని రుచి తెలియదు. ఆల్బమ్‌లో ఉన్న ఎనిమిది నిమిషాల వెర్షన్ వినండి. మధ్యలో గాయనులు, వయొలిన్లు, గిటార్ అందరూ తప్పుకుంటారు. బేస్, డ్రమ్స్, చప్పట్లు మాత్రం మిగులుతాయి. మన కచేరీలో తని ఆవర్తనం వచ్చినప్పుడు గాయకుడు ఆగి లయ వాద్యాలకు వేదిక వదిలేస్తాడు కదా, ఇదీ అలాంటిదే, ఒక్క తేడాతో. ఇక్కడ వేదిక దొరికిన బెర్నార్డ్ తన విద్య చూపించడానికి ప్రయత్నించడు. అదే బేస్‌లైన్‌ను అలాగే తిప్పుతూ ఉంటాడు. తర్వాత ఒక్కో వాద్యం మెల్లగా తిరిగి వచ్చి చేరుతుంది.

డాన్స్ ఫ్లోర్ మీద జనానికి ఆ ఘట్టం పిచ్చెక్కించేది. కానీ అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి వాళ్లు అనుకోకుండా చేశారు. ఒక హిట్ పాట మధ్యలో, శుభ్రంగా రికార్డ్ చేసిన, పైన గొంతేదీ లేని గ్రూవ్‌ను, అంటే బేస్, డ్రమ్స్ కలిసి తిప్పే లయను, అలా బయట పెట్టేశారు. దాని మీద ఎవరైనా మాట్లాడుకోవచ్చు, పాడుకోవచ్చు.

సరిగ్గా అదే కోసం వెతుకుతున్నవాళ్లు అదే ఊళ్లో ఉన్నారు. 1973 నుంచీ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ లాంటి డీజేలు ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, అందులో డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కను అటూ ఇటూ మార్చి మార్చి వాయించేవాళ్లు. చాలా రికార్డుల్లో ఆ ముక్క కొన్ని సెకన్లే. అందుకే అంత అవస్థ. 'గుడ్ టైమ్స్' వచ్చేసరికి ఆ ముక్క నిమిషాల పొడుగున దొరికింది. ఆ వేసవిలో పార్కుల్లో, క్లబ్బుల్లో ఎంసీలు (లయ మీద ప్రాసలతో మాట్లాడేవాళ్లు) మైకు పట్టుకుని దీని మీదే ప్రాసలు కట్టారు.

న్యూజెర్సీలో సిల్వియా రాబిన్‌సన్ అనే ఆవిడ ఉండేవారు. స్వయంగా గాయని, 1973లో 'పిల్లో టాక్' అనే హిట్ పాడినావిడ. ఈ ప్రాసల ఆటను రికార్డు చేస్తే అమ్ముడుపోతుందని ముందే పసిగట్టారు. వండర్ మైక్, బిగ్ బ్యాంక్ హ్యాంక్, మాస్టర్ జీ అనే ముగ్గురిని కలిపి షుగర్‌హిల్ గ్యాంగ్ అని పేరు పెట్టి 1979 సెప్టెంబర్‌లో 'రాపర్స్ డిలైట్' విడుదల చేశారు. పన్నెండు అంగుళాల రికార్డు మీద దాదాపు 15 నిమిషాల పాట. చాలామంది ఇందులో 'గుడ్ టైమ్స్' శాంపిల్, అంటే అసలు రికార్డులోంచి కోసి వాడిన ముక్క, ఉందనుకుంటారు. లేదు. చవగ్గా దొరికే శాంప్లర్లు అప్పటికి రాలేదు. సెషన్ ప్లేయర్లు (రికార్డింగ్‌కు డబ్బు తీసుకుని వాయించేవాళ్లు) స్టూడియోలో కూర్చుని బెర్నార్డ్ బేస్‌లైన్‌ను తమ చేతుల్తో, మొదట్నుంచి చివరిదాకా వాయించారు. ఒకే గ్రూవ్‌ను పావుగంట వాయించి చూడండి, ఒక్క చోట కూడా ముందుకు తోసుకురాకుండా, వెనకబడకుండా. ముంజేయి పట్టేస్తుంది. ఆ పేరులేని పనికి హిప్‌హాప్ చరిత్రలో దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

మీరు అడిగిన కాపీ ప్రశ్నకు ఈ పాట విషయంలో జవాబు సూటిగా చెప్పొచ్చు: అవును. ప్రేరణ అని సర్దిచెప్పే అవసరం లేదు, సంగీతం దాదాపు అంతా 'గుడ్ టైమ్స్'దే. నైల్ ఒక క్లబ్‌లో ఉన్నప్పుడు ఈ పాట విని ఉలిక్కిపడ్డాడు. రికార్డు మీద వాళ్ల పేర్లు లేవు. కోర్టుకు వెళ్తామని హెచ్చరించాక రాజీ కుదిరి, నైల్, బెర్నార్డ్‌ల పేర్లు రచయితలుగా చేరాయి. అప్పుడు మండిపడ్డ నైలే తర్వాతి కాలంలో 'రాపర్స్ డిలైట్' తనకు ఎంతో ఇష్టమైన పాటల్లో ఒకటని చెబుతూ వచ్చాడు.

అన్యాయం పూర్తిగా తీరలేదు మాత్రం. హ్యాంక్ పాడిన ప్రాసల్లో చాలావరకు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే బ్రాంక్స్ ఎంసీ రాసినవి. క్యాజ్ తనను తాను 'కాసనోవా' అని పిలుచుకునేవాడు. ఆ పేరును అక్షరం అక్షరంగా పలికే పంక్తిని కూడా మార్చకుండా హ్యాంక్ అలాగే పాడేశాడు. ఇప్పటికీ రికార్డులో వినపడుతుంది. బేస్‌లైన్ రాసినవాళ్లకు లాయర్లు ఉన్నారు, పేరొచ్చింది. మాటలు రాసినవాడికి ఎవరూ లేరు, పేరు రాలేదు. ఈ కథలో నాకు ఎప్పుడూ కడుపు మండేది ఇక్కడే.

ఆ పాట 1980 జనవరిలో హాట్ 100లో 36వ స్థానానికి చేరింది. మొదటి నలభైలోకి వచ్చిన తొలి రాప్ పాట అదే. అంతవరకు రాప్ అంటే పార్టీలో జరిగి అక్కడే ముగిసిపోయేది, మహా అయితే క్యాసెట్లలో చేతులు మారేది. రికార్డు షాపులో అమ్మే వస్తువు కావచ్చని ఈ పాటతో తేలింది. అంటే ప్రపంచంలో చాలామంది జీవితంలో విన్న మొదటి రాప్ వెనక మోగింది బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్‌లైనే.

క్వీన్ విషయం వేరు. 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' 1980లో 'ద గేమ్' ఆల్బమ్‌లో వచ్చింది. రాసింది బేస్ ప్లేయర్ జాన్ డీకన్. షీక్ రికార్డింగ్ చేసుకుంటున్న చోటికి వెళ్లి వాళ్లతో కొంతకాలం గడిపాడు. క్వీన్ పాట అలా పుట్టిందని బెర్నార్డ్ ఇంటర్వ్యూలో చెప్పాడు కూడా. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వినండి. అదే ఈ-మైనర్, దాదాపు అదే వేగం, నిమిషానికి 110 బీట్లకు అటూ ఇటూ. అదే స్వరం మీద మూడు దెబ్బలు, తర్వాత ఖాళీ. అంతవరకు అన్నదమ్ముల్లా ఉంటాయి. అక్కడినుంచి దారులు వేరయిపోతాయి. బెర్నార్డ్ ఖాళీ తర్వాత కదిలి వేరే కార్డుకు వెళ్తాడు, పాట తేలిగ్గా నవ్వుతూ ముందుకు సాగుతుంది. డీకన్ దాదాపు ఎక్కడికీ వెళ్లడు. అదే మెట్టు మీద నిలబడి బెదిరిస్తాడు. షీక్ ఖాళీలో పార్టీ ఉంది, క్వీన్ ఖాళీలో ప్రమాదం ఉంది.

కాబట్టి దీన్ని నేను కాపీ అనను. ఒక వాయిద్యకారుడు ఇంకో వాయిద్యకారుణ్ణి దగ్గరగా గమనించి, అతను ఎక్కడ ఆగుతున్నాడో నేర్చుకుని, ఆ విద్యతో తన పాట తాను కట్టుకున్నాడు. సంగీతం చేతులు మారేది ఎప్పుడూ ఇలాగే. ఇంకో మాట, బెర్నార్డ్ కూడా శూన్యంలోంచి తీయలేదు. 'గుడ్ టైమ్స్' గ్రూవ్‌కు మూలం కూల్ అండ్ ద గ్యాంగ్ వాళ్ల 1974 పాట 'హాలీవుడ్ స్వింగింగ్' అని నైలే ఒప్పుకున్నాడు. రికార్డింగ్ రోజు బెర్నార్డ్ ఆలస్యంగా వచ్చి, అప్పటికే నైల్, టోనీ వాయిస్తున్న గ్రూవ్‌లో చేరాడట. అతను బేస్ అందుకున్నాక నైల్ 'వాక్, వాక్' అని అరిచాడట, అంటే జాజ్ బేస్ ప్లేయర్లలాగా స్వరాల మీద నడవమని. మూడు దెబ్బల తర్వాత పాకే ఆ స్వరాలు ఆ అరుపుకు జవాబు.

1981లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ చేసిన 'ద అడ్వెంచర్స్ ఆఫ్ గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఆన్ ద వీల్స్ ఆఫ్ స్టీల్' తప్పకుండా వినాలి. ఏడు నిమిషాల రికార్డు, వాద్యకారులు ఎవరూ లేరు. టర్న్‌టేబుళ్ల మీద ఇతరుల రికార్డులు పెట్టి, చేత్తో తిప్పి, కోసి, అతికించి చేసిన పాట. అందులో 'గుడ్ టైమ్స్' ఉంది, క్వీన్ పాట ఉంది, అదే ఏడాది హాట్ 100లో ఒకటో స్థానానికి వెళ్లిన బ్లాండీ వాళ్ల 'రాప్చర్' ఉంది. తల్లిపాటను, దాని పిల్లల్ని ఒకే వరసలో కూర్చోబెట్టాడు ఫ్లాష్. డీజే చేసే పని కూడా సంగీతమేనని రికార్డు రూపంలో చూపించిన మొదటి పెద్ద ఉదాహరణ అది. 'రాపర్స్ డిలైట్'లో గ్రూవ్‌ను మళ్లీ వాయించారు. ఇక్కడ అసలు రికార్డునే వాద్యంగా వాడారు. తర్వాతి నలభై ఏళ్ల హిప్‌హాప్ ఈ రెండు పద్ధతుల మధ్యే తిరిగింది.

సాహిత్యం సంగతి చెబుతానన్నాను. పైకి చూస్తే మంచి రోజులొచ్చాయి, దిగులు వదిలెయ్యండి, స్కేటింగ్ చేద్దాం, విందు చేద్దాం అనే పాట. 1979లో అమెరికా పరిస్థితి అలా లేదు. ధరలు మండిపోతున్నాయి, పెట్రోల్ బంకుల దగ్గర కార్లు బారులు తీరాయి. నైల్, బెర్నార్డ్ కావాలనే 1929-30ల నాటి మహా ఆర్థిక మాంద్యం కాలపు పాటల్లోంచి మాటలు తెచ్చి ఇందులో గుచ్చారు. ఒకటి 1929 నాటి 'హ్యాపీ డేస్ ఆర్ హియర్ అగైన్'. ఆ పాటలు కూడా జనం పస్తులున్న రోజుల్లో సంబరం పాడినవే. ఈ పాట ఉన్న 'రిస్కే' ఆల్బమ్ అట్ట చూసినా అంతే, పాతకాలపు హత్య కథలో దృశ్యంలా ముస్తాబైన బ్యాండ్. తమ ప్రతి పాటలోనూ లోతుగా దాచిన ఒక అర్థం ఉండాలని నైల్‌కు నియమం. టీనేజ్‌లో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేసినవాడు, మాట అనాలోచితంగా వాడే మనిషి కాదు. పాడేవాళ్ల గొంతు గమనించండి, ఉత్సాహంతో ఊగిపోదు. ఇద్దరూ ఒకే స్వరంలో, నిలకడగా, దాదాపు ప్రకటన చదివినట్టు పాడతారు. ఆ నిలకడ వల్లే మాటల వెనక నీడ కనపడుతుంది.

సమయం కూడా విచిత్రంగా కుదిరింది. 1979 జులై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు పోగేసి పేల్చేశారు, జనం మైదానంలోకి దూకి గలాటా చేశారు. ఆ రోజు జనం తెచ్చి పడేసినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి కళాకారుల రికార్డులు కూడా ఉన్నాయని అక్కడ పనిచేసినవాళ్లు తర్వాత చెప్పారు. ఐదు వారాల తర్వాత 'గుడ్ టైమ్స్' ఒకటో స్థానానికి వచ్చింది. మరుసటి వారమే ద నాక్ అనే రాక్ బ్యాండ్ 'మై షరోనా' దాన్ని దించేసింది. రేడియోలు డిస్కోకు తలుపులు మూసేశాయి. షీక్ మళ్లీ అమెరికా మొదటి నలభైలోకి రాలేదు. బ్యాండ్ హిట్లు అక్కడితో ఆగిపోయాయి, బ్యాండ్ చేసిన గ్రూవ్ మాత్రం వేరేవాళ్ల పేర్ల మీద పైకి వెళ్తూనే ఉంది.

ఆ తర్వాత ఆ ముగ్గురూ వేరేవాళ్ల వెనక కూర్చున్నారు. నైల్, బెర్నార్డ్ కలిసి 1980లో డయానా రాస్ ఆల్బమ్ చేశారు. 1983లో డేవిడ్ బోయీ 'లెట్స్ డాన్స్', 1984లో మడోనా 'లైక్ ఎ వర్జిన్' నైల్ నిర్మించాడు. మడోనా ఆల్బమ్‌లో బెర్నార్డ్ బేస్, టోనీ డ్రమ్స్ వినొచ్చు. డ్యురాన్ డ్యురాన్ బేస్ ప్లేయర్ జాన్ టేలర్ బెర్నార్డ్‌ను గురువుగా భావించాడు. ద స్మిత్స్ గిటారిస్ట్ జానీ మార్ అయితే కొడుక్కి నైల్ అనే పేరు పెట్టుకున్నాడు. 80ల పాప్‌లో మీకు నచ్చిన పాట ఏదైనా తీసుకోండి, గిటార్ పై తీగల మీద చిన్న ముక్కలుగా 'చిక్ చిక్' అంటూ ఉంటే, బేస్ పాటలాగా పాడుతూ ఉంటే, ఆ పద్ధతి వేరు చాలాసార్లు ఈ ఇద్దరి దగ్గరే తేలుతుంది. బెర్నార్డ్ 1996 ఏప్రిల్‌లో టోక్యోలో, బుడోకాన్‌లో కచేరీ చేసిన మర్నాడు, న్యుమోనియాతో చనిపోయాడు. వయసు 43.

తర్వాతి తరం సంగతి క్లుప్తంగా. 1997లో ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ జంట డాఫ్ట్ పంక్ 'అరౌండ్ ద వరల్డ్' చేసినప్పుడు, టాక్ బాక్స్ (వాద్యం శబ్దాన్ని మాటల్లా పలికించే పరికరం) పెట్టి షీక్ రికార్డు చేస్తున్నట్టు అనిపించిందని ఆ ఇద్దరిలో ఒకరైన తోమా బాంగాల్తే చెప్పాడు. మాటలు మూడే, మిగతాదంతా బేస్. 2013లో వాళ్లు నైల్‌నే పిలిచి 'గెట్ లక్కీ' చేశారు, మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది. 2022లో బియాన్సే 'కఫ్ ఇట్'లోనూ గిటార్ నైల్‌దే. 1979లో చచ్చిపోయిందని ప్రకటించిన శబ్దం ఇది.

కాపీ గురించి ఇంకో ముక్క, ఎందుకంటే ఇప్పుడు ఇది సంగీతకారులకు నిజంగా టెన్షన్ తెచ్చిపెట్టే విషయం. 1991లో రాపర్ బిజ్ మార్కీ కేసు తీర్పుతో అనుమతి లేకుండా శాంపిల్ వాడడం ఖరీదైన వ్యవహారమైపోయింది. 2015లో 'బ్లర్డ్ లైన్స్' కేసులో జ్యూరీ, మార్విన్ గే 1977 పాట 'గాట్ టు గివ్ ఇట్ అప్'ను అది ఉల్లంఘించిందని తేల్చింది. ఆ పాటలో శాంపిల్ ఏదీ లేదు. అదే ఏడాది 'అప్‌టౌన్ ఫంక్' రచయితల జాబితాలో గ్యాప్ బ్యాండ్ 1979 పాట రాసినవాళ్ల పేర్లు చేర్చారు. మొత్తం బేస్‌లైన్ ఎత్తుకున్న 'రాపర్స్ డిలైట్'లో పేరు, డబ్బు ఇవ్వాల్సిందే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఒక స్వరం మీద మూడు దెబ్బలేసి ఆగడం ఎవరి సొత్తూ కాకూడదు. అది సొత్తయి ఉంటే క్వీన్ పాట పుట్టేది కాదు. ఆ లెక్కన 'హాలీవుడ్ స్వింగింగ్' ముందు 'గుడ్ టైమ్స్' కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

ఇంత చేసిన బ్యాండ్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పదకొండుసార్లు నామినేట్ చేసి ఒక్కసారీ చేర్చుకోలేదు. చివరికి 2017లో నైల్ ఒక్కడికి వేరే విభాగంలో గౌరవం ఇచ్చారు. బెర్నార్డ్, టోనీ అప్పటికే లేరు. ఇది నాకు మింగుడుపడని సంగతి. గిటార్ సోలోలు లెక్కపెట్టే కొలబద్దతో ఆగడం తెలిసినవాళ్లను కొలిస్తే ఇలాగే అవుతుంది.

మీకు నా సలహా: ముందు 'హాలీవుడ్ స్వింగింగ్', తర్వాత 'గుడ్ టైమ్స్' పొడుగు వెర్షన్, ఆ వెంటనే 'రాపర్స్ డిలైట్' మొదటి ఐదు నిమిషాలు, తర్వాత క్వీన్, ఆఖర్న ఫ్లాష్ రికార్డు, ఈ వరసలో ఒకే విడతలో కూర్చుని వినండి. మాటల్ని పట్టించుకోకండి, బేస్‌ను మాత్రం వేలితో బల్ల మీద కొడుతూ అనుసరించండి. బేస్ వాయించేవాళ్లయితే మెట్రోనోమ్‌ను (లయ తప్పకుండా టిక్కు టిక్కుమనే పరికరం) నిమిషానికి 80 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మొదటి మూడు స్వరాలూ ఒకే పొడుగులో వస్తున్నాయా లేదా ఫోన్‌లో రికార్డు చేసుకుని చూసుకోండి. మూడో స్వరం మెట్రోనోమ్ నాలుగో టిక్కు మీదకి సాగుతోందంటే ఎడమచెయ్యి ఇంకా ఆలస్యంగా వదులుతోందన్నమాట. అది కుదిరేదాకా 110కి వెళ్లకండి, పాకే స్వరాల జోలికి అసలు పోకండి.